రెండు మీద పనిచేసే నాబ్

లాక్‌డౌన్ ముగిసిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నన్ను వైండింగ్ బల్ల నుంచి రిపేరు బల్లకు మార్చారు. ఆర్డరు కాగితం మీద రాలేదు. మా షాపు యజమాని ఖలీల్ సాబ్ చాయ్ తాగుతూ నోటితో చెప్పారు. దానికొక షరతు కూడా పెట్టారు. ఆ షరతు గురించే ఇది రాస్తున్నాను.

మా షాపు ఆర్మూర్‌లో మార్కెట్ యార్డుకు పోయే రోడ్డు మీద ఉండేది. ఆంప్లిఫైయర్లు, స్పీకర్లు, మైకు సెట్లు రిపేరు చేసేవాళ్లం. కళ్లు సహకరించక మానేసేదాకా నేను అక్కడ ఇరవై మూడేళ్లు పనిచేశాను. అందులో చాలా ఏళ్లు వైండర్‌ను, అంటే కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ విప్పి, పాత చుట్లు లెక్కబెట్టి, అన్నే చుట్లు కొత్త రాగి తీగ చుట్టే మనిషిని. వైండర్ పైన హెల్పర్, హెల్పర్ పైన మెకానిక్. అందరికంటే పైన సర్వీస్ ఇంజనీర్. ఈ చివరి హోదా మా షాపులో ముందు లేదు. నరేందర్ సార్ నిజామాబాద్ నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చినప్పుడు, విజిటింగ్ కార్డు మీద దాన్ని అచ్చు వేయించుకుని వెంట తెచ్చుకున్నారు.

షాపుకు వచ్చిన ప్రతి సెట్టుకు ఒక అట్ట ముక్క కడతారు. ఫిర్యాదు ఏమిటి, లోపల ఏం మార్చారు అని దాని మీద రాసి, విప్పిన మనిషి సంతకం పెట్టాలి. మూడు నెలల లోపల అదే సెట్టు తిరిగి వస్తే దాన్ని వాపస్ అంటాం. ఎవరి సంతకం మీద ఎన్ని వాపస్‌లు అన్నదాన్ని బట్టే మెకానిక్ విలువ. వైండింగ్ మధ్యలో నేను చాలా సెట్లు బాగుచేశాను. రెసిస్టర్ల మీద విలువ రంగుల పట్టీల్లో ఉంటుంది. గోధుమ రంగు ఒకటి, ఎరుపు రెండు. వాటిని చదవడానికి బడికి పోనక్కర లేదు. అట్ట మీద సంతకానికి మాత్రం పోవాలి. అందుకని అక్కడ నరేందర్ సార్ సంతకం పెట్టేవారు. బాగైన సెట్లు ఆయన పేరు మీద పోయేవి. బాగు కానివి పసుపు దుమ్ము పేరు మీద పోయేవి.

పసుపు దుమ్ము గురించి ఒక మాట చెప్పాలి. పసుపు అమ్మకాల సీజన్‌లో యార్డు నుంచి లేచే దుమ్ము నిజంగానే కంట్రోళ్లలోకి పోతుంది. నాబ్ తిప్పితే గరగరమంటుంది. కాని నరేందర్ సార్ ఆ దుమ్మును ఫ్యూజు పోయినా వాడేవారు, ప్లగ్గు వదులైనా వాడేవారు. ఒకసారి కస్టమర్ స్విచ్చి వేయడం మరిచిపోతే దానికీ వాడారు.

నలభై ఏడో ఏట, మహిళా సంఘం వాళ్లు పెట్టిన క్లాసులో నేను అక్షరాలు నేర్చుకున్నాను. నాతో కూర్చున్నవాళ్లలో చాలామంది సంతకం రాగానే ఆపేశారు. నాకు అట్టలు చదవాలని ఉండేది. ఒక మధ్యాహ్నం పాత అట్టల డబ్బా దించి, నా చేతి మీదుగా పోయిన సెట్లకు ఎవరి పేరు ఉందో ఒక్కొక్కటి చదివాను. మరునాడు పొద్దున ఖలీల్ సాబ్‌ను రిపేరు బల్ల అడిగాను.

నరేందర్ సార్ చక్రాల కుర్చీలో ఇటు తిరిగి నవ్వారు. "బస్సు బోర్డు చదివినట్టు అనుకుంటున్నవా గంగక్కా, సర్క్యూట్ చదువుడంటే?"

"రంగులైతే మీరు రాకముందు నుంచి చదువుతున్న సార్" అన్నాను.

ఖలీల్ సాబ్ మా ఇద్దరి మాటలూ వినలేదన్నట్టు లేచి, కింది అర నుంచి ఒక సెట్టు బయటికి లాగారు. "గిది మూడుసార్లు వాపస్ వచ్చింది గంగామణీ. గిది నువ్వు చెయ్యి. అట్ట మీద నీ పేరే రాసుకో. నాలుగోసారి వాపస్ వచ్చిందనుకో, మళ్ల వైండింగే. ఇగ రిపేరు బల్ల మాట ఎత్తద్దు."

ఆ సెట్టు పోశెట్టి గారిది. పెర్కిట్‌లో ఉంటారు. పధ్నాలుగేళ్లు దుబాయ్‌లో పనిచేసి, తిరిగొచ్చేటప్పుడు రూములో తనతో ఉన్న ఫిలిప్పీన్స్ ఆయన దగ్గర గిటార్ ఆంప్లిఫైయర్ కొనుక్కొచ్చారు. ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులున్న పాత కాలపు సెట్టు. ఇక్కడ పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు ఆర్కెస్ట్రా నడిపేవారు. పోశెట్టి గారికి గిటార్ వాయించడం రాదు. వాయించేది ఆయన బిడ్డ శిరీష. డిగ్రీ అయిపోయి, ఇంట్లో పదిమంది పిల్లలకు గిటార్ నేర్పేది. శని, ఆదివారాలు తండ్రి ఆర్కెస్ట్రాలో వాయించేది.

ఆ సెట్టుకు అప్పటికే మూడు అట్టలు ఉన్నాయి. మూడూ చదివాను. మొదటి రెండింటి మీదా ఫిర్యాదు ఒకటే, సౌండు కీచుగా చెవిలో గుచ్చుతుంది అని. గిటార్ వాళ్లు దీన్ని బ్రైట్ ఎక్కువైంది అంటారు. మూడో దాని మీద సౌండు మొద్దుగా వస్తుంది అని. చేసిన పని చూస్తే, మొదటి అట్ట మీద 'పసుపు దుమ్ము, స్ప్రే కొట్టబడినది' అని ఉంది. రెండో దాని మీద 'కండెన్సర్ తీసివేయబడినది'. మూడో దాని మీద 'పెద్ద కండెన్సర్ వేయబడినది'. మూడింటి కిందా ఒకే వాక్యం, 'ఫుల్ టెస్ట్ పాస్'.

ఫుల్ టెస్ట్ అంటే మా ఊరి పద్ధతి. ఇక్కడ సెట్లు ఎక్కువగా బరాత్‌లకు, అంటే పెళ్లి ఊరేగింపులకు పోతాయి. సెట్టు తీసుకుపోయే ముందు వాల్యూమ్ చివరిదాకా తిప్పుతారు. రోడ్డవతల చాయ్ హోటల్ ఆయన గిన్నె పక్క నుంచి చేయి ఎత్తితే సెట్టు పాసైనట్టు. లారీలు పోతుంటే వినబడకపోయినా ఆయన ఎత్తేవాడు. మా వాళ్లు ఆయన దగ్గరే చాయ్ తాగుతారు కదా.

సెట్టు విప్పే ముందు నేను ఫిర్యాదు చేసిన మనిషిని చూడాలనుకున్నాను. మూడు రిపేర్లలోనూ ఆ పని ఎవరూ చేయలేదు. ఖలీల్ సాబ్‌తో చెప్పి, సెట్టును ఆటోలో వేసుకుని పెర్కిట్ పోయాను. ఆ పూట పోశెట్టి గారు ఇంట్లోనే ఉన్నారు.

"డబ్బాల ఏం లేదు చెల్లె. గీ పిల్ల చెవులల్లనే ఉంది. దుబాయ్‌ల ఫిలిప్పీన్ ఆయన పదేండ్లు వాయించిండు, ఒక్కనాడు గుచ్చుతుందనలే."

"ఆయన ఎంత మీద పెట్టుకుని వాయించిండో నీకు ఎర్కనా డాడీ?" అంది శిరీష.

నేనూ అదే అడిగాను. ఇంట్లో వాల్యూమ్ ఎంత మీద పెడతావని. రెండు మీద అని చెప్పింది. అంతకంటే పెంచితే పక్కింటివాళ్లు గోడ మీది నుంచి తిడతారట. ఫంక్షన్ హాల్లో మరి? అక్కడ డాడీ పది మీద, అంటే ఫుల్ మీద పెట్టిస్తాడు ఆంటీ, అక్కడ మంచిగనే ఉంటది. సెట్టు పెట్టి రెండు మీద ఒక తీగ మీటింది. నా పంటి మీద సూది గీసినట్టయింది. పది మీద పెట్టి మళ్లీ మీటింది. గిన్నెలు కదిలాయి గాని సూది లేదు.

"మరి గీ ముచ్చట షాపుల చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పిన ఆంటీ. గా సారు నాతోని మాట్లాడరు. డాడీతోనే మాట్లాడుతరు. డాడీకి అంతా మంచిగనే ఉంటది."

ఈ ఫిర్యాదు అర్థం కావాలంటే లోపలి సంగతి కొంచెం తెలియాలి. వాల్యూమ్ కంట్రోల్ అంటే మడికి నీళ్లు వదిలే తూము అనుకోండి. తూము దించినకొద్దీ సౌండు తగ్గుతుంది. కాని దించినప్పుడు సన్న శబ్దాలు ముందుగా తగ్గిపోయి, గిటార్ మొద్దుగా వినిపిస్తుంది. అందుకని కొన్ని సెట్లలో తూము పక్క నుంచి సన్న శబ్దం ఒక్కటే పోయేలా చిన్న కాలువ తీసి పెడతారు. కంట్రోల్ వెనక కాళ్లకు టంకం పెట్టిన గింజంత కండెన్సరే ఆ కాలువ. తూము బాగా దించి ఉన్నప్పుడు ఆ కాలువ నీళ్లే ఎక్కువ. గుచ్చేది అదే. తూము పూర్తిగా ఎత్తినప్పుడు అన్ని నీళ్లూ తూములోంచే పోతాయి. పక్క కాలువ ఉన్నా ఒకటే, పూడ్చినా ఒకటే.

ఇప్పుడు మూడు అట్టలూ మళ్లీ చదవండి. నరేందర్ సార్ కాలువ పూడ్చారు, ఫుల్ మీద టెస్ట్ చేశారు, పాస్. ఇంట్లో రెండు మీద పెడితే గిటార్ కుండలో నుంచి పాడినట్టు వచ్చింది. వాపస్. ఈసారి పాతదానికంటే పెద్ద కాలువ తవ్వారు, ఫుల్ మీద టెస్ట్ చేశారు, పాస్. ఇంట్లో ముందుకంటే ఎక్కువ గుచ్చింది. వాపస్. లోపల ఏం చేసినా పాసయ్యే పరీక్ష పెట్టుకుని, మూడుసార్లు పాసయ్యారు.

కాలువ ఉండాలి, దానికి కూడా ఒక తూము ఉండాలి. ఇదీ నాకు తోచింది. ఖలీల్ సాబ్ తండ్రి కాలం నాటి వాల్వు సెట్లకు నేను ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టాను కనుక అవి నాకు కొత్త కాదు. వాల్వు సెట్టు ప్లగ్గు పీకిన తరవాత కూడా లోపలి పెద్ద కండెన్సర్లలో మనిషిని విసిరికొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. ముందు దాన్ని రెసిస్టర్ గుండా మెల్లగా ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసి, అప్పుడు చేయి పెట్టాలి. నరేందర్ సార్‌కు ఈ సంగతి మొదటి రిపేరు రోజు సెట్టే నేర్పింది. అప్పటి నుంచి ఆయన ఆ సెట్టు దగ్గరికి రబ్బరు చెప్పులు వేసుకుని వచ్చేవారు.

ఆయన వేసిన పెద్ద కండెన్సర్ తీసి, అసలు విలువది వేశాను. దానికి వరుసలో పది లక్షల ఓముల కంట్రోల్ ఒకటి కలిపాను. పాత రేడియోలోంచి తీసింది, బాగా తుడిచి మీటరు పెట్టి చూశాను. ఈ కంట్రోల్ ఒక కొసకు తిప్పితే కాలువ పూర్తిగా తెరిచినట్టు, రెండో కొసకు తిప్పితే దాదాపు మూసినట్టు. మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఎక్కడ బిగించాలన్నదే చిక్కు. దుబాయ్ డబ్బాకు రంధ్రం పెడితే మర్యాద దక్కదని పోశెట్టి గారు ముందే చెప్పారు. సెట్టుకు ముందు వైపు గిటార్ గుచ్చే జాక్‌లు రెండున్నాయి. రెండోది ఎవరూ వాడలేదు. అది తీసేసి, దాని రెసిస్టర్లు సర్ది, ఆ రంధ్రంలోనే కంట్రోల్ బిగించాను. మొదట వేసిన వైరు పొడవై గుంయ్‌మని హమ్ము వచ్చింది. దాన్ని విప్పి, పైన జాలీ ఉన్న వైరు పొట్టిగా కత్తిరించి, జాలీని ఒక్క కొసనే ఎర్తుకు కలిపాను. హమ్ము పోయింది. పైన పాత రేడియో నాబే పెట్టాను. దంతం రంగుది.

అట్ట మీద రాయడానికి సెట్టు చేసినంత సేపు పట్టింది. 'బ్రైట్ కంట్రోల్ కొత్తగా పెట్టాను' అని రాశాను. పెట్టబడినది అని రాయలేదు. పెట్టింది నేనే కదా. సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంచాను. డెలివరీ టెస్ట్ అయినాకనే సంతకం పెట్టడం నియమం.

డెలివరీ రోజు పోశెట్టి గారు, శిరీష కలిసి వచ్చారు. గిటార్ పోశెట్టి గారి మెడలో ఉంది. ఆయనకు వాయించడం రాదన్నాను గాని కొట్టడం వచ్చు. నరేందర్ సార్ అలవాటుగా వాల్యూమ్ పది మీదికి తిప్పారు. పోశెట్టి గారు ఆరు తీగలూ ఒకేసారి కొట్టారు. అరల్లో స్క్రూలు గలగలలాడాయి. చాయ్ హోటల్ ఆయన చేయి ఎత్తాడు. నరేందర్ సార్ నా నాబ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పారు. మళ్లీ తిప్పారు. సౌండులో వెంట్రుకంత తేడా లేదు.

"గంగక్కా, ఉత్త నాబ్ బిగించినవా ఏంది?" అన్నారు, రోడ్డు మీదికి వినబడేలా.

పోశెట్టి గారు ఖలీల్ సాబ్ వైపు తిరిగారు. "గిదేంది సాబ్! నా డబ్బాకు రేడియో ముక్క అంటిచ్చి ఇస్తున్నరు?"

ఖలీల్ సాబ్ నా వైపు చూశారు. ఆ చూపులో వైండింగ్ బల్ల కనిపించింది.

"వాల్యూమ్ రెండు మీద పెట్టి చూడండి సార్" అన్నాను.

"రెండు మీద పెట్టెటందుకా గింత దూరం మోసుకొచ్చిన?" అన్నారు పోశెట్టి గారు. "ఇంజనీర్ సారూ, జర మీరే చూడుండ్రి."

నరేందర్ సార్ సెట్టు వెనక్కి పోయారు. రబ్బరు చెప్పులు చూసుకున్నారు. వాల్వులకు బాగా దూరంగా, చెక్క మీద స్క్రూడ్రైవర్‌తో నాలుగు దెబ్బలు కొట్టారు. లోపల ఏదీ ముట్టలేదు. నేను పక్కనే ఉండి చూశాను.

"ఇప్పుడు తిప్పండి."

పోశెట్టి గారు పది మీదనే మళ్లీ కొట్టి, నాబ్ తిప్పారు. కళ్లు మూసుకున్నారు. "ఆఁ! గిప్పుడొచ్చింది తేడా. కమ్మగైంది. విన్నవా బిడ్డా?"

చాయ్ హోటల్ ఆయన రెండోసారి చేయి ఎత్తాడు. నరేందర్ సార్ అట్ట అందుకుని, జేబులోంచి పెన్ను తీశారు.

నేను అట్ట రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం చెరో వైపు పట్టుకుని నిలబడ్డాం. "కంప్లైంట్ ఎవరిది సార్?" అని అడిగాను. ఆయన పోశెట్టి గారిని చూపించారు. నేను శిరీషను చూపించాను. "గామె చెప్పనియ్యండి."

ఖలీల్ సాబ్, వాల్యూమ్ తగ్గించమ్మా, అన్నారు. శిరీష తండ్రి మెడలోంచి గిటార్ తీసుకుంది. వాల్యూమ్ రెండు మీద పెట్టింది. నా నాబ్ పూర్తిగా తెరిచి ఒక తీగ మీటింది. ఖలీల్ సాబ్ పన్ను నొక్కుకున్నారు. నాబ్ మెల్లగా తిప్పుతూ అదే తీగ మీటుతూ పోయింది. సూది మొద్దుబారింది, పత్తి చుట్టినట్టయింది, చివరికి కుండలోకి పోయింది. వెనక్కి తెచ్చి ఒకచోట ఆపి, ఒక చిన్న పాట ముక్క వాయించింది. మళ్లీ ఆ చోటు చూసుకుంది.

"గిక్కడ" అంది. "నాలుగు నెలల సంది గిదే అడుగుతున్న."

నరేందర్ సార్ అట్ట వదిలేశారు. నేను సంతకం పెట్టాను. గంగామణి అని నాలుగే అక్షరాలు. ఖలీల్ సాబ్ దాన్ని చదివి, సెట్టుకు తన చేత్తో కట్టారు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కాని రెండో నెల ముగియక ముందే పోశెట్టి గారు ఆటోలో సెట్టు వేసుకుని వచ్చారు. బాల్కొండలో రిసెప్షన్‌కు పోయినప్పుడు, దుబాయ్ డబ్బాకు ఆర్మూర్‌లో స్పెషల్ నాబ్ పెట్టించానని స్టేజీ మీద చెప్పుకున్నారట. అందరి ముందు తిప్పి చూపిస్తే ఏమీ కాలేదట. పది మీద.

"మూడు నెలల లోపల వచ్చింది కదా సాబ్" అని నరేందర్ సార్ వాపస్ రిజిస్టరు అడగకముందే తెచ్చి, పేజీ తెరిచి పెట్టారు. ఆయన అంత చురుగ్గా లేవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఖలీల్ సాబ్ రిజిస్టరు పక్కకు జరిపి, శిరీషకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నాబ్ ఎట్ల పనిచేస్తుందమ్మా అని అడిగారు. "మంచిగుంది అంకుల్. డాడీ పట్టుకచ్చిండా అక్కడికి? గా నాబ్ ముట్టకుండ్రి. పొద్దుగూకంగనే పిల్లలు క్లాసుకు వస్తరు, సెట్టు పంపియ్యుండ్రి" అంది.

ఖలీల్ సాబ్ ఫోన్ పెట్టేసి రిజిస్టరు మూశారు. "కంప్లైంట్ చేసినామె మంచిగుందంటుంది. కంప్లైంట్ లేనాయన లేదంటున్నడు. గిది వాపస్ ఎట్లయితది?"

షరతు అంతటితో తీరింది. నేను మానేసేదాకా రిపేరు బల్ల మీదే పనిచేశాను.

పోశెట్టి గారికి మాత్రం పది మీద తిరిగే నాబ్ కావాలి. నేను తూము, కాలువ చెప్పి చూశాను. ఆయన నరేందర్ సార్ బల్ల దగ్గరికి జరిగారు. ఒకప్పుడు రంధ్రం పడితే మర్యాద దక్కదన్న మనిషి, రంధ్రం ఎక్కడ పెట్టాలో ఇప్పుడు తానే వేలు పెట్టి చూపించారు. నరేందర్ సార్ డ్రిల్లింగ్ చేసి, మెరిసే స్టీలు నాబ్ ఒకటి బిగించారు. వెనక మూత పెట్టే ముందు నేను లోపలికి చూశాను. ఆ కంట్రోల్‌కు మూడు కాళ్లున్నాయి. ఒక్కదానికీ వైరు లేదు.

"వైరేది సార్?" అని అడిగాను.

"కస్టమర్ అడిగింది నాబ్ గంగక్కా. వైరు అడగలే" అన్నారు.

పది మీద పెట్టి, స్టీలు నాబ్ తిప్పి, పోశెట్టి గారు మళ్లీ కళ్లు మూసుకున్నారు. చాయ్ హోటల్ ఆయన చేయి ఎత్తాడు. తరవాత ఆ నాబ్ కోసం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల వాళ్లు కొందరు వచ్చారు. వాళ్లందరికీ నరేందర్ సారే బిగించారు. ఒక్కటి కూడా వాపస్ రాలేదు.

ఆ తరవాత నేను మా అట్ట మీద ఒక గడి కలిపాను. ఫిర్యాదు చేసింది ఎవరు, వాల్యూమ్ ఎంత మీద ఉన్నప్పుడు అని. టెస్ట్ ఆ మనిషి ముందు, ఆ అంకె మీదే చేయాలి. ఈ పని నాకు నేర్పింది అంతే. ఇంకొకటి కూడా ఉంది. వాపస్ రాని సెట్టు బాగైన సెట్టని మా షాపులో అందరమూ అనుకునేవాళ్లం. అది తప్పు. వైరు లేని నాబ్ ఎన్నటికీ చెడిపోదు.